యూవీ కిటికీ మూసుకుపోతోందా? పసి నక్షత్రాల చుట్టూ మెరిసే గ్యాస్‌ను ఇక ఎవరు చూస్తారు?

* నక్షత్రం పుట్టేటప్పుడు చుట్టూ ఉన్న గ్యాస్ ఎక్కువగా మెరిసేది అతినీలలోహిత కాంతిలోనే.. దాన్ని నేల మీద నుంచి చూడలేం
* శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌కు పదేళ్లు నిండాయి.. రెండు యూవీ ఛానళ్లలో ఒకటి 2018లోనే ఆగిపోయింది
* హబుల్ కూడా 2024 నుంచి ఒకే గైరోతో పని చేస్తోంది
* ఇప్పటిదాకా వచ్చిన డేటా మాత్రం ఉచితం.. మఠంపల్లి విద్యార్థి కూడా తెరిచి చూడొచ్చు

మఠంపల్లి: సిమెంట్ ఫ్యాక్టరీ బట్టీలో మంట ఎర్రగా, పసుపుగా కనిపిస్తుంది. కోదాడ రోడ్డు మీద వెల్డింగ్ షాపు ముందు నుంచి వెళ్తే నీలం కలిసిన తెల్లటి వెలుగు కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది. రెండూ మంటలే కదా, మరి రంగు ఎందుకు మారింది? ప్రధాన కారణం వేడి. సిమెంట్ బట్టీలో రాయి దాదాపు 1,450 డిగ్రీల దగ్గర కాలుతుంది. వెల్డింగ్ ఆర్క్ వేడి దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. వేడి పెరిగే కొద్దీ వెలుగు ఎరుపు నుంచి నీలం వైపు, నీలం దాటి కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి వైపు జరుగుతుంది. అదే అల్ట్రావయొలెట్.. షార్ట్‌గా యూవీ. వెల్డింగ్ చేసే వాళ్లు నల్ల అద్దం పెట్టుకునేది అందుకే. అద్దం లేకుండా చూస్తే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది.

ఇదే లెక్క ఆకాశానికీ వర్తిస్తుంది. కొత్తగా పుడుతున్న నక్షత్రం మీద గ్యాస్ పడేటప్పుడు లక్ష డిగ్రీల స్థాయి వేడి పుడుతుంది. ఆ గ్యాస్ మెరుస్తుంది. కానీ ఆ మెరుపులో చాలా భాగం యూవీలోనే ఉంటుంది. మన కన్ను దాన్ని చూడలేదు. మన గాలి దాన్ని కిందకు రానివ్వదు. అందుకే అంతరిక్షంలోకి టెలిస్కోప్ పంపించక తప్పదు. ప్రపంచంలో అలాంటి టెలిస్కోపులు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. ఉన్నవాటికీ వయసు మీద పడుతోంది. అసలు సమస్య ఇక్కడే ఉంది.

ఇంతకీ ఆ మెరిసే గ్యాస్ ఏంటి?

నక్షత్రం ఒక్కసారిగా వెలిగే బల్బు కాదు. గ్యాస్, దుమ్ము కలిసిన పెద్ద మబ్బు తన బరువుకు తనే కుంగిపోయి మధ్యలో ఒక ముద్దగా మారుతుంది. చుట్టూ మిగిలిన గ్యాస్, దుమ్ము పళ్లెంలా తిరుగుతూ ఉంటుంది. దీన్నే డిస్క్ అంటారు. మన భూమి, గురుడు, శని అన్నీ 460 కోట్ల ఏళ్ల కిందట సూర్యుడి చుట్టూ ఇలాంటి డిస్క్‌లోనే పుట్టాయి.

ఆ డిస్క్ లోపలి అంచు నుంచి గ్యాస్ నక్షత్రం మీదకు పడుతూనే ఉంటుంది. అయితే నేరుగా పడదు. నక్షత్రానికి ఉన్న అయస్కాంత క్షేత్రం ఆ గ్యాస్‌ను పట్టుకుని, కాలువలో నీళ్లు మళ్లించినట్టు తన ఉపరితలం వైపు మళ్లిస్తుంది. అలా పడే గ్యాస్ వేగం సెకనుకు దాదాపు 300 కిలోమీటర్లు. అంటే మఠంపల్లి నుంచి శ్రీహరికోట దాకా ఉన్న దూరాన్ని ఒక సెకనుకు అటూ ఇటూగా దాటేసినట్టు! అంత వేగంతో గుద్దుకుంటే ఆ చోట వేడి పది లక్షల డిగ్రీల దాకా వెళ్తుంది. కార్బన్, సిలికాన్ లాంటి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అప్పుడు ఒక్కో పరమాణువు తనకు మాత్రమే సొంతమైన తరంగదైర్ఘ్యంలో మెరుస్తుంది. ఉదాహరణకు మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న కార్బన్ 155 నానోమీటర్ల దగ్గర మెరుస్తుంది. అక్కడ వెలుగు కనిపించిందంటే ఆ గ్యాస్ లక్ష డిగ్రీల స్థాయిలో ఉందని అర్థం. ఒక రకంగా అది శాస్త్రవేత్తల థర్మామీటర్.

ఇంకో రకం మెరుపు కూడా ఉంది. అది అర్థం కావాలంటే ఇంట్లో పాత ట్యూబ్‌లైట్ గుర్తు తెచ్చుకోండి. ట్యూబ్ లోపల పాదరసం ఆవిరి యూవీ కాంతిని ఇస్తుంది. గాజు లోపలి వైపు పూసిన తెల్ల పొడి ఆ యూవీని తాగి, మనకు కనిపించే వెలుగుగా తిరిగి ఇస్తుంది. పసి నక్షత్రాల దగ్గరా ఇలాంటిదే జరుగుతుంది. నక్షత్రం దగ్గరి వేడి హైడ్రోజన్ 121.6 నానోమీటర్ల దగ్గర బలమైన యూవీ కాంతిని ఇస్తుంది. డిస్క్‌లో ఉన్న హైడ్రోజన్ అణువులు దాన్ని పీల్చుకుని వేరే యూవీ తరంగదైర్ఘ్యాల్లో తిరిగి మెరుస్తాయి. డిస్క్‌లో ఎక్కువ భాగం హైడ్రోజనే అయినా మామూలుగా అది దొరకదు, చాలావరకు చీకట్లో దాక్కుని ఉంటుంది. ఈ మెరుపే దాన్ని పట్టిస్తుంది. 1978 నుంచి 1996 దాకా పనిచేసిన ఐయూఈ అనే యూవీ శాటిలైట్ టీ టారీ అనే పసి నక్షత్రం దగ్గర ఈ హైడ్రోజన్ మెరుపును పట్టుకుంది. ఆ ఫలితం 1981లో బయటకు వచ్చింది.

మన కార్తెల చుక్కల దగ్గరే!

ఈ టీ టారీ ఎక్కడో తెలియని మూల లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అంటారు కదా.. ఆ రోహిణి నక్షత్రం ఉన్న వృషభ రాశిలోనే ఉంది. కంటికి కనిపించదు, టెలిస్కోప్ కావాలి. దూరం దాదాపు 470 కాంతి సంవత్సరాలు. 1852లో దీన్ని గుర్తించారు. 1945లో ఆల్ఫ్రెడ్ జాయ్ అనే శాస్త్రవేత్త ఇలాంటి నక్షత్రాలన్నింటికీ కలిపి టీ టారీ నక్షత్రాలు అని పేరు పెట్టారు. ఇప్పటికీ అదే పేరు నడుస్తోంది.

ఇక మృగశిర. ఆ కార్తె అనగానే మనకు చేపల కూర గుర్తొస్తుంది. జూన్‌లో సూర్యుడు ఆ చుక్కల వైపే ఉంటాడు కాబట్టి అప్పుడు అవి కనిపించవు. డిసెంబర్, జనవరి రాత్రుళ్లలో చూడాలి. మృగశిర, ఆర్ద్ర ఉన్న వైపే వరుసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. వాటి కింద ఒక మసక మచ్చ ఉంటుంది. మఠంపల్లి మండలంలో ఫ్యాక్టరీ లైట్లకు దూరంగా, కృష్ణా ఒడ్డు వైపు వెళ్తే బైనాక్యులర్ లేకపోయినా దొరుకుతుంది. అదే ఓరియన్ నెబ్యులా. దాదాపు 1,340 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నక్షత్రాల ప్రసూతి వార్డు!

అక్కడ మధ్యలో ఉన్న కొన్ని పెద్ద నక్షత్రాలు విపరీతమైన యూవీని వెదజల్లుతున్నాయి. ఆ యూవీ తగిలి చుట్టూ ఉన్న గ్యాస్ వెలుగుతోంది. అంటే మీ కంటికి ఆ మచ్చ కనిపించడం కూడా యూవీ పనితనమే. 1990ల్లో హబుల్ అక్కడ ఇంకో సంగతి బయటపెట్టింది. పక్కనున్న చిన్న పసి నక్షత్రాల డిస్క్‌ల నుంచి గ్యాస్ ఆవిరై, తోకచుక్కలా తోక కట్టి మెరుస్తోంది. పొరుగింటి యూవీ ఈ డిస్క్‌లను కొంచెం కొంచెంగా కాల్చేస్తోందన్నమాట.

దీనివల్ల తేలేది ఏంటి?

ఇక్కడ ఉన్నది టైమ్ ప్రశ్న. డిస్క్‌లో గ్యాస్ ఎంతకాలం ఉంటుందో, గురుడు లాంటి గ్యాస్ గ్రహాలు పుట్టడానికి అంతే టైమ్ దొరుకుతుంది. చాలా నక్షత్రాల దగ్గర ఈ గ్యాస్ కొన్ని మిలియన్ ఏళ్లలోనే ఖాళీ అయిపోతుంది. దాదాపు 196 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న టీడబ్ల్యూ హైడ్రే అనే నక్షత్రం దగ్గర మాత్రం కోటి ఏళ్ల వయసు వచ్చినా ఇంకా డిస్క్ మిగిలే ఉంది. ఎందుకలా? గ్యాస్ ఎంత వేగంగా నక్షత్రం మీద పడుతోంది, ఎంత వేగంగా ఆవిరై పోతోంది అన్న జమా ఖర్చులు వేస్తే గానీ చెప్పలేం. ఆ ఖర్చు లెక్కకు నేరుగా దొరికే ఆధారం యూవీ వెలుగు.

యూవీ పాత్ర అంతటితో ఆగదు. అది అణువులను విరగ్గొడుతుంది, కొత్త వాటికి దారి తీస్తుంది. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ ఓరియన్‌లోని ఒక డిస్క్‌లో మిథైల్ కేటయాన్ అనే అణువును కనిపెట్టింది. కార్బన్ రసాయనాలకు అది ఒక మెట్టు లాంటిది. అది పుట్టడానికి యూవీయే కావాల్సిన శక్తిని ఇచ్చిందని శాస్త్రవేత్తలు తేల్చారు. అదే డిస్క్ నుంచి యూవీ వల్ల గ్యాస్ వేగంగా తరిగిపోతోందని 2024లో చెప్పారు. అంటే ఒకే కాంతి ఒక చేత్తో వండుతోంది, ఇంకో చేత్తో గిన్నె ఖాళీ చేస్తోంది. మన సూర్యుడి చిన్నతనంలోనూ ఇలాంటి ఆటే నడిచి ఉంటే భూమి ఎలా బయటపడిందన్నది ఇప్పటికీ పెద్ద ప్రశ్నే.

హైదరాబాద్ కుర్రాడు పట్టుకున్న కాల్షియం వెలుగు

నక్షత్రాల చుట్టూ మెరిసే గ్యాస్ కథలో మన హైదరాబాద్‌కు గట్టి వాటా ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన ఉద్యోగి కొడుకు వేణు బప్పు. 1927లో మద్రాసులో పుట్టినా పెరిగింది, నిజాం కాలేజీలో చదివింది హైదరాబాద్‌లోనే. హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లారు. 1949లో ఆయన కనిపెట్టిన తోకచుక్కకు ఆయన పేరు కూడా కలిపి పెట్టారు.

1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి ఆయన ఒక కీలకమైన విషయం చెప్పారు. నక్షత్రం ఉపరితలం పైన పల్చటి వేడి గ్యాస్ పొర ఉంటుంది. అందులోని కాల్షియం 393.4 నానోమీటర్ల దగ్గర మెరుస్తుంది. ఆ మెరుపు గీత ఎంత వెడల్పుగా ఉంటే ఆ నక్షత్రం అసలు వెలుగు అంత ఎక్కువ. దీన్నే విల్సన్-బప్పు ఎఫెక్ట్ అంటారు. అసలు వెలుగు తెలిస్తే నక్షత్రం దూరం కూడా లెక్కకట్టొచ్చు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, 393 నానోమీటర్లు అంటే యూవీ గుమ్మం మీద ఉన్నట్టే. ఆ గుమ్మం దాకా గాలి కాంతిని రానిస్తుంది కాబట్టి బప్పు తరం నేల మీద నుంచే పని చేయగలిగింది. 300 నానోమీటర్లు దాటి లోపలికి వెళ్లాలంటే మాత్రం ఓజోన్ తలుపు వేసేస్తుంది. రెండోది, మఠంపల్లి, మేళ్లచెరువు ప్రాంతానికి సిమెంట్ ఫ్యాక్టరీలు తెచ్చిపెట్టిన సున్నపురాయిలో ప్రధానంగా ఉన్నది కాల్షియమే. ఆ కాల్షియం భూమి మీద తయారైంది కాదు. సూర్యుడు పుట్టక ముందే వేరే పెద్ద నక్షత్రాల్లో, వాటి పేలుళ్లలో తయారై, మబ్బులో కలిసి, డిస్క్‌లో తిరిగి, చివరకు మన రాయిలోకి చేరింది. బప్పు నక్షత్రాల్లో కొలిచింది, ఇక్కడ లారీలకెత్తి పంపేది ఒకే మూలకం.

బప్పు ముందుండి నడిపించిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ 1971లో స్వతంత్ర సంస్థ అయ్యింది. దాని కేంద్రం బెంగళూరు. ఆస్ట్రోశాట్‌లోని యూవీ టెలిస్కోప్ తయారీని ముందుండి నడిపించింది కూడా ఆ సంస్థే.

ఆస్ట్రోశాట్ ఏం చేసింది?

2015 సెప్టెంబర్ 28 ఉదయం 10 గంటలకు శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 రాకెట్ ఆస్ట్రోశాట్‌ను తీసుకెళ్లింది. 650 కిలోమీటర్ల ఎత్తులో ప్రవేశపెట్టింది. ఖగోళ పరిశోధన కోసమే ఇస్రో పంపిన మొదటి పూర్తి స్థాయి అబ్జర్వేటరీ ఇదే. అప్పట్లో పెట్టుకున్న గడువు ఐదేళ్లు. 2025 సెప్టెంబర్ 28తో పదేళ్లు నిండాయి.

అందులోని యూవీఐటీ అంటే దాదాపు 38 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రెండు టెలిస్కోపుల జంట. ఒకటి ఫార్ యూవీ కోసం, అంటే 130 నుంచి 180 నానోమీటర్లు. రెండోది నియర్ యూవీ, మామూలు కాంతి కోసం. చూడటానికి చిన్నదే. కానీ ఒకేసారి దాదాపు నిండు చందమామంత ఆకాశాన్ని ఫొటో తీస్తుంది. అంతకుముందు అమెరికా పంపిన గేలెక్స్ శాటిలైట్ కంటే దీని చూపు దాదాపు మూడు రెట్లు పదును. నక్షత్రాలు గుంపుగా పుట్టే చోట ఈ పదును చాలా ముఖ్యం. లేకపోతే పక్కపక్కనే ఉన్న రెండు చుక్కలు ఒకే మచ్చలా అలుక్కుపోతాయి.

దీని సత్తా ఏంటో 2018లో వచ్చిన ఒక ఫలితం చెబుతుంది. ఎన్‌జీసీ 40 అనేది చివరి దశలో ఉన్న ఒక నక్షత్రం చుట్టూ పరుచుకున్న గ్యాస్ మబ్బు. అది పసి నక్షత్రం కాదు, వయసైపోయిన నక్షత్రం. ఎన్.కామేశ్వరరావు నాయకత్వంలోని బృందం యూవీఐటీతో దాన్ని చూస్తే, మామూలు ఫొటోల్లో కనిపించని ఒక పెద్ద వలయం ఫార్ యూవీలో మెరుస్తూ దొరికింది. చల్లటి హైడ్రోజన్ అణువులు యూవీని పీల్చి తిరిగి మెరవడమే కారణమని వాళ్లు చెప్పారు. అదే మన ట్యూబ్‌లైట్ సూత్రం! నక్షత్రం పుట్టేటప్పుడు కనిపించే మెరుపే పోయేటప్పుడూ కనిపిస్తుందని, దాన్ని పట్టే కన్ను మన దగ్గర ఉందని అది రుజువు చేసింది.

అయితే అదే 2018లో యూవీఐటీ నియర్ యూవీ ఛానల్ పని చేయడం ఆగిపోయింది. ఆ తర్వాత యూవీ భారమంతా ఫార్ యూవీ ఒక్కదాని మీదే పడింది. రెండు ఛానళ్లు కలిస్తే వేడి ఎంతో చెప్పడం తేలిక. ఒక్కదానితో అయితే మిగతా సమాచారం వేరే చోట నుంచి తెచ్చుకోవాలి.

జేమ్స్ వెబ్ ఉంది కదా.. ఇంకెందుకు?

సోషల్ మీడియాలో ఎక్కువగా కనిపించే అపోహ ఇది. హబుల్ పాతబడింది, వెబ్ వచ్చేసింది, పని అయిపోయింది అనుకుంటారు. కానీ వెబ్ చూసేది ఎక్కువగా ఇన్‌ఫ్రారెడ్. 600 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యాన్ని అది అసలు చూడదు. చల్లటి దుమ్ము, చల్లటి గ్యాస్ చూడటంలో దానికి తిరుగులేదు. లక్ష డిగ్రీల గ్యాస్ చూడమంటే మాత్రం దానివల్ల కాదు.

మరో మాట. వీడియోల్లో యూవీ ఫొటోలకు ఊదా, నీలం, గులాబీ రంగులు కనిపిస్తాయి. అవి శాస్త్రవేత్తలు గుర్తు కోసం వేసిన రంగులు. యూవీకి మన కంటికి తెలిసిన రంగు అంటూ లేదు. ఫొటో అబద్ధం కాదు, రంగు మాత్రం గుర్తు అంతే.

పసి నక్షత్రాల యూవీ విషయంలో ఇప్పటికీ పెద్ద దిక్కు హబులే. 2020 నుంచి 2023 డిసెంబర్ దాకా యులిసెస్ అనే ప్రోగ్రామ్ కింద హబుల్ దాదాపు 1,000 చుట్లు తిరిగేంత సమయాన్ని చిన్న వయసు నక్షత్రాల యూవీ పరిశీలనకే ఇచ్చింది. హబుల్ చరిత్రలోనే అంత సమయం తీసుకున్న ప్రోగ్రామ్ ఇంకోటి లేదు. అంత తొందర ఎందుకు? కిటికీ ఎప్పుడు మూసుకుపోతుందో తెలియదు కాబట్టి. 1990లో వెళ్లిన హబుల్‌కు చివరిసారి మనుషులు వెళ్లి రిపేర్ చేసింది 2009లో. దిశ పట్టించే గైరోలు ఒక్కొక్కటిగా పాడవడంతో 2024 జూన్ నుంచి ఒక్క గైరోతోనే నడిపిస్తున్నారు.

తర్వాత లైన్‌లో ఎవరున్నారు?

ఇజ్రాయెల్ అల్ట్రాశాట్‌ను సిద్ధం చేస్తోంది. ఆకాశంలో పెద్ద భాగాన్ని ఒకేసారి నియర్ యూవీలో చూడటం దాని పని. అమెరికా 2024 ఫిబ్రవరిలో యూవీఈఎక్స్ మిషన్‌ను ఎంపిక చేసింది, లక్ష్యం 2030. ఆ తర్వాతి పెద్ద టెలిస్కోప్ హ్యాబిటబుల్ వరల్డ్స్ అబ్జర్వేటరీ మాట 2040ల నాటిది.

మరి మన సంగతి? ఆస్ట్రోఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఇన్‌సిస్ట్ పేరుతో మీటర్ స్థాయి యూవీ టెలిస్కోప్‌ను ప్రతిపాదించారు. ఫొటోలతో పాటు కాంతిని గీతలుగా విడగొట్టి చూసే సామర్థ్యం కూడా దానికి ఉండాలన్నది ఆలోచన. పసి నక్షత్రాల గ్యాస్‌కు కావాల్సింది సరిగ్గా అదే. ఏ గీత ఏ మూలకానిది, ఎంత వేగంతో కదులుతోంది అన్నది ఫొటోలో తెలియదు, గీతల్లోనే తెలుస్తుంది.

సూర్యుడి విషయంలో మన దేశం ఈ పని ఇప్పటికే చేస్తోంది. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచే వెళ్లిన ఆదిత్య ఎల్1లో సూట్ అనే టెలిస్కోప్ ఉంది. 200 నుంచి 400 నానోమీటర్ల మధ్య సూర్యుడిని ఫొటోలు తీస్తోంది. అందులో కాల్షియం వెలుగు కోసం ప్రత్యేకంగా ఒక ఫిల్టర్ కూడా పెట్టారు. అంటే బప్పు పట్టుకున్న దారి తెగిపోలేదు. సాంకేతికత ఉంది, మనుషులున్నారు. దూరపు నక్షత్రాల కోసం తర్వాతి టెలిస్కోప్ ఎప్పుడన్నదే తేలాలి.

శాటిలైట్ అనుకున్న రోజే ఎగరదు. ఆమోదం, అద్దాలు, డిటెక్టర్లు, పరీక్షలు అన్నీ కలిపి ఏళ్లు పడతాయి. యూవీ పరికరాలకు ఇంకో చిక్కుంది. అద్దం మీద సన్నటి నూనె పొర పేరుకున్నా యూవీని అది మింగేస్తుంది. అందుకే వాటిని ప్రత్యేకమైన క్లీన్ రూమ్‌లో బిగించాలి. ఆస్ట్రోశాట్ కోసం బెంగళూరు దగ్గర హోస్కోటెలో అలాంటి ల్యాబ్ కట్టారు. చేతిలో పని లేకపోతే ఇలాంటి చోట పనితనం తెలిసిన వాళ్లు చెదిరిపోతారు. ఆలస్యానికి కట్టే అసలు మూల్యం అదే.

ఇక్కడి విద్యార్థికి ఏం లాభం?

ఆస్ట్రోశాట్ తీసిన డేటా మొదట అడిగిన బృందానికి వెళ్తుంది. గడువు ముగిశాక ఇస్రో స్పేస్ సైన్స్ డేటా సెంటర్ ద్వారా అందరికీ ఉచితంగా తెరుస్తారు. హబుల్ డేటా కూడా అంతే. రిజిస్టర్ చేసుకుని డౌన్‌లోడ్ చేసుకోవడమే. ఫైళ్లు ఫిట్స్ అనే ఫార్మాట్‌లో ఉంటాయి. వాటిని తెరవడానికి పైథాన్ చాలు, అదీ ఉచితమే. కోదాడలోనో, మిర్యాలగూడలోనో డిగ్రీ చదువుతున్న ఫిజిక్స్ విద్యార్థికి కావాల్సింది ఒక మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, నేర్పే లెక్చరర్ ఒకరు.

ఈ మూడింటిలో కష్టంగా దొరికేది మూడోదే. పాఠాలన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన వాళ్లు మొదటి పేజీలోనే ఆగిపోతారు. ఉస్మానియాలో ఖగోళ శాస్త్రానికి ప్రత్యేక విభాగమే ఉంది. ఒకప్పుడు రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్‌తో మన వాళ్లు నక్షత్రాలను కొలిచారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. తర్వాత నగరం వెలుగులు అటు పాకడంతో చీకటి పోయింది. ఇప్పుడు డేటాకు చీకటితో పని లేదు. జిల్లా కాలేజీల్లో ఏడాదికి ఒక వర్క్‌షాప్ పెట్టి, తెలుగులో వివరించి, ఒక్క పసి నక్షత్రం ఫైల్ తెరిపించినా చాలు. నేర్చుకున్న వాళ్లు మిగతావి వాళ్లే తెరుచుకుంటారు.

మొత్తానికి చెప్పేదేంటంటే..

పసి నక్షత్రాల చుట్టూ గ్యాస్ మెరుస్తూనే ఉంటుంది, మనం చూసినా చూడకపోయినా. చూసే కన్ను ఉంటేనే అది సమాచారం అవుతుంది. హబుల్‌కు ఒక గైరో, ఆస్ట్రోశాట్‌కు ఒక యూవీ ఛానల్.. ప్రస్తుతానికి పరిస్థితి ఇది. కొత్తవి వచ్చేలోపు పాతవి ఆగిపోతే మధ్యలో కొన్నేళ్లు ఖాళీ వస్తుంది. పసి నక్షత్రాలు రోజుల తేడాలోనే వెలుగు మార్చుకునే రకం. ఆ ఖాళీలో జరిగింది మళ్లీ చూడటానికి రీప్లే ఉండదు.

అందుకే ఇన్‌సిస్ట్ లాంటి ప్రతిపాదన మీద నిర్ణయం త్వరగా రావాలి. రేపు శ్రీహరికోట నుంచి ఇంకో యూవీ టెలిస్కోప్ ఎగిరితే, దాని డేటా తెరిచే వాళ్లలో సూర్యాపేట జిల్లా పిల్లలు కూడా ఉంటారా అన్నది ఇప్పుడు కాలేజీల్లో ఏం నేర్పుతామన్న దాని మీద ఆధారపడి ఉంది.